సొట్టపడిన పాత వెబ్లీ తుపాకి: కొనవచ్చా?

వెబ్లీ అండ్ స్కాట్ 700, ఇంగ్లండు షాట్‌గన్. పన్నెండు బోరు (గొట్టం లోపలి వ్యాసపు సైజు), పక్కపక్కన రెండు గొట్టాలు, పొడవు 28 అంగుళాలు, బరువు మూడు కిలోల పైచిలుకు. ఎడమ గొట్టం మీద, మూతికి ఏడంగుళాల ఇవతల ఒక సొట్ట ఉంది. భుజానికి ఆనించే కొయ్య మెడ దగ్గర సన్నటి చీలిక ఉంది. నల్లపూత అరిగిపోయి, చెయ్యి ఆనే చోటల్లా ఇనుము తెల్లగా బయటపడింది. హైదరాబాద్‌లోని ఒక పాత ఆయుధాల దుకాణం వారు దీనికి లక్షా పదిహేను వేలు చెప్పారు. బేరమాడి ఎనభై రెండు వేలకు కొన్నాను. ఎందుకు కొన్నానో, అదే దుకాణంలో దీనికన్నా ఎంతో అందమైన మరో తుపాకిని ఎందుకు వద్దనుకున్నానో చెబుతాను. షూటింగ్ రేంజిలో కొత్తగా చేరినవాళ్ళలో పాత డబుల్ బ్యారెల్ మీద మనసు పడేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు కొయ్యను చూసి భయపడి మంచి తుపాకిని వదిలేస్తున్నారు, మెరుపు చూసి ముచ్చటపడి చెడ్డ తుపాకిని ఇంటికి తెచ్చుకుంటున్నారు.

నేను బాలానగర్ టూల్‌రూములో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇనుము విషయంలో పేరుప్రతిష్ఠల కన్నా గేజు మీద నమ్మకం ఎక్కువ. తుపాకి చూడటానికి వెళ్ళినప్పుడు చిన్న టార్చి, ఉక్కు స్కేలు, బోరు గేజు, గొట్టం గోడ మందం చూసేందుకు పొడవాటి చువ్వకు డయల్ బిగించి నేనే తయారుచేసుకున్న గేజు సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

కొలతల్లోకి వెళ్ళే ముందు ఒక మాట. మన దేశంలో పాత తుపాకి కొనేటప్పుడు లెక్క వేసుకోవలసింది డబ్బు ఒక్కటే కాదు. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఒక లైసెన్సుదారు దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. తాతగారి నుంచి వారసత్వంగా వచ్చినది కూడా ఆ రెండిట్లోనే లెక్క. గుర్తింపు ఉన్న క్రీడాకారులకు మినహాయింపులు ఉన్నాయి. నాలాగా వారాంతంలో గాలిలోకి విసిరే మట్టి పలకలు కొట్టడానికి వెళ్ళేవాళ్ళకు లేవు. అంటే ఒక తుపాకి కొన్నామంటే మనకున్న అవకాశంలో సగం దానికే రాసిచ్చినట్టు. తర్వాత నచ్చలేదని వదిలించుకోవాలంటే లైసెన్సున్న మనిషే దొరకాలి. సొంతంగా అమ్ముకుంటే జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషనుకో ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, కనీసం 45 రోజులు ఆగాలి. పాత బైకును తెచ్చుకుని, బాగోకపోతే నెలలో మార్చేసే బేరం కాదిది. అందుకే దుకాణంలో ఎంతసేపు నిలబడి చూసినా తక్కువే అంటాను.

ధర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1980ల నడుమ నుంచి మామూలు లైసెన్సుదారులు విదేశీ తుపాకులు తెప్పించుకునే దారి మూసుకుపోయింది. కాబట్టి ఇప్పుడు మన దుకాణాల్లో కనిపించే ఇంగ్లీషు తుపాకులు దాదాపు అన్నీ అంతకుముందు వచ్చినవే. వాటి సంఖ్య పెరగదు, మోజు తగ్గదు. వెబ్లీ 700 ఇంగ్లండులో సాదాసీదా తుపాకి. పొలాల్లో, చిత్తడి నేలల్లో మామూలు రైతులు వాడిన రకం. ఇక్కడ మాత్రం ఆ పేరుకే సగం డబ్బు అడుగుతారు. పేరు గుండ్లను నడిపించదు కదా. గొట్టాలకు, వాటి వెనుక పేల్చే యంత్రం ఉండే భాగానికి, అంటే యాక్షన్‌కు ఎంత విలువ ఉందో అంతే ఇవ్వాలని గట్టిగా అనుకుని వెళ్ళాను.

ఈ తుపాకి నిజామాబాద్ వైపు ఒక కుటుంబానిదట. పెద్దాయన పోయాక వారసులెవరూ లైసెన్సు తీసుకోలేదు, దుకాణంలో అప్పగించారు. అక్కడ చాలాకాలం గ్రీజు పూసుకుని పడి ఉంది. దుకాణం పెద్దాయన దాన్ని బల్లమీద పెట్టి, సొట్ట చూపించి, అదేమీ పట్టించుకోనక్కర్లేదు సార్ అన్నారు. గొట్టాల లోపల గ్రీజు మందంగా ఉంది. గ్రీజున్న గొట్టంలోకి చూసి మాట్లాడటం దండగ. దాని కింద తుప్పు గుంటలున్నా నున్నగానే కనిపిస్తుంది. ముందు శుభ్రంగా తుడిపించమని అడిగాను. కాస్త గొణిగినా, కుర్రవాడితో తుడిపించారు. తుడవనన్న చోట కొనవద్దు.

మొదట చెవితో చూడాలి. గొట్టాలను విడదీసి, కింది కొక్కెం దగ్గర వేలితో వేలాడదీసి, వేలిముడితో తట్టాను. ఖంగుమని గంట మోగినట్టు మోగి, ఆ నాదం కాసేపు నిలిచింది. రెండు గొట్టాలను కలిపే పట్టీల టంకం ఎక్కడైనా ఊడి ఉంటే ఆ మోత రాదు, బొంగురుగా జీరపోతుంది. ఊడిన టంకం సందులోకి తేమ చేరి, పట్టీ కింద ఎవరికీ కనిపించకుండా గొట్టాన్ని బయటినుంచి తినేస్తుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, దుకాణంవారికి అభ్యంతరమూ ఉండదు.

తర్వాత కన్ను. గొట్టాలను వీధి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, తలుపు అంచు కేసి చూపిస్తూ మెల్లగా తిప్పాను. ట్యూబులైటు కింద ఇది తెలియదు, పగటి వెలుతురే కావాలి. లోపలి గోడమీద తలుపు అంచు నీడ తిన్నని గీతలా పడుతుంది. సొట్ట ఉన్న చోట ఆ గీత ఒక్కసారి లోపలికి వంగుతుంది. ఉబ్బు ఉంటే నల్లటి ఉంగరంలా గుండ్రంగా చుట్టుకుంటుంది. ఈ తేడా బాగా తెలుసుకోవాలి. సొట్ట అంటే ఇనుము లోపలికి నొక్కుకుంది, జాగ్రత్తగా వెనక్కి తెచ్చే వీలుంది. ఉబ్బు అంటే లోపల ఏదో అడ్డుపడి పేలినప్పుడు ఇనుము సాగిపోయింది. సాగిన ఇనుము పలచబడుతుంది, దాన్ని ఎంత కొట్టినా పోయిన మందం తిరిగిరాదు. ఈ తుపాకిలో వంగిన గీతే కనిపించింది, ఉంగరం లేదు. కుడి గొట్టం మూతి దగ్గర ఆవగింజంత తుప్పు మచ్చలు నాలుగైదు ఉన్నాయి, లోతు లేవు. తూటా కూర్చునే చాంబర్లు రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఒత్తిడి ఎక్కువగా పడేది అక్కడే కాబట్టి, మూతి దగ్గరి మచ్చల కన్నా నాకు చాంబర్లే ముఖ్యం.

ఇక ముద్రలు. గొట్టాల అడుగున, యాక్షన్ మీద కూర్చునే చదునైన భాగంలో ఉంటాయవి. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి పనిచేస్తున్న పరీక్షాశాల ప్రతి తుపాకిలోనూ మామూలు కన్నా బలమైన మందు వేసి పేల్చి చూసి, నిలబడిన దానికే ముద్ర కొడుతుంది. దీనిమీద కిరీటం, దానికింద బీఎన్‌పీ అనే అక్షరాలు ఉన్నాయి. పొగరాని మందుకు బర్మింగ్‌హామ్‌లో పరీక్ష అయిందని అర్థం. పక్కనే బోరు .729 అంగుళాలు, చాంబరు పొడవు 2¾ అంగుళాలు, ఒత్తిడి చదరపు అంగుళానికి 3¼ టన్నులు అని మూడు అంకెలు. ఈ పద్ధతిలో ముద్ర వేయడం 1954 నియమాలతో వచ్చింది, కాబట్టి ఇది ఆ తర్వాతి తుపాకి. నాకు వీటిలో 2¾ అన్న అంకె చాలా సంతోషం కలిగించింది. పాత ఇంగ్లీషు డబుల్ బ్యారెళ్ళలో చాలావాటికి చాంబరు రెండున్నర అంగుళాలే ఉంటుంది. ఇప్పుడు రేంజిలో దొరికే 70 మిల్లీమీటర్ల (2¾ అంగుళాల) తూటా అందులో చక్కగానే పడుతుంది, తుపాకి మూసుకుంటుంది కూడా. పేల్చినప్పుడు మాత్రం దాని మూతి మడత విచ్చుకోవడానికి చోటు చాలక, సన్నబడే భాగంలోకి పొడుచుకుని, ఒత్తిడి పెరుగుతుంది. పడుతుంది కదా అని పేల్చేవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ముద్ర చదవండి, చాంబరు కొలిపించండి.

ముద్రల గురించి మరో సంగతి. మన జమీందారుల ఇళ్ళలో ఇంకా ఉన్న చాలా తుపాకులు ఇంగ్లండువి కావు, బెల్జియంలోని లియేజ్‌వి. కోడిగుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ అనే ముద్ర ఉంటే అది అక్కడిది. పైన ఇంగ్లీషులా వినబడే పేరు చెక్కి ఉన్నా అంతే. అవన్నీ చెడ్డవని కాదు, ఇంగ్లీషు తుపాకి ధర పెట్టవద్దంటున్నాను. అలాగే గొట్టం మీద చెట్టు బెరడులా మెలికల గీతలు కనబడితే అది ఇనుము, ఉక్కు తీగలు పేని అతికిన డమాస్కస్ గొట్టం. చూడటానికి చాలా బాగుంటుంది. వాటిలో చాలావరకు పొగ వచ్చే పాతకాలపు నల్ల తుపాకి మందుకే పరీక్షించినవి. ఇప్పటి తూటా వేయవద్దు, గోడకు పెట్టుకోండి. గోడకు పెట్టుకున్నా లైసెన్సులో ఒక చోటు పోయినట్టేనని మరచిపోకండి.

ఇప్పుడు గేజు. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. వెనుక అంచు నుంచి తొమ్మిదంగుళాల లోపల బోరు కొలవాలి, ముద్రలోని అంకె ఆ చోటిదే. కుడిది .731, ఎడమది .732 వచ్చాయి. ముద్రలో .729 కనుక రెండు మూడు థౌలు అరిగింది, అంతే. పది థౌలు దాటితే ఇంగ్లండు నియమాల ప్రకారం ఆ ముద్ర చెల్లదు, మళ్ళీ పరీక్షకు పంపాలి. మనకు ఇక్కడి నుంచి పంపే దారి లేదు కనుక నా దృష్టిలో అది పనికిరాని తుపాకే. గోడ మందం కుడి గొట్టంలో అతి పలచని చోట 27 థౌలు, ఎడమలో సొట్ట చోటు కాకుండా 25. సొట్ట చుట్టూ నాలుగు వైపులా చూస్తే 24 కన్నా దిగలేదు. ఇరవైకి తగ్గితే నేను ముట్టుకోను. సొట్ట లోతు ఉక్కు స్కేలు ఆనించి, సందులోకి ఫీలర్ గేజు దూర్చి చూశాను, పన్నెండు థౌలు. ఇంత మందం గోడలో అంత సొట్టను పైకి లేపవచ్చు. అక్కడికక్కడే సగం నిర్ణయం అయిపోయింది.

దీని పక్కనే పెట్టిన రెండో తుపాకి సంగతి ఇప్పుడు చెప్పాలి. పట్టీ మీద కలకత్తా రోడా కంపెనీ పేరు. 1914లో బెంగాల్ విప్లవకారులు యాభై మౌజర్ పిస్టళ్ళున్న పెట్టెలను మాయం చేసింది ఆ కంపెనీ సరుకులోంచే. ఆ చరిత్ర తెలిసినవాడికి ఆ పేరు చూడగానే చెయ్యి ముందుకు పోతుంది, నాకూ పోయింది. యాక్షన్ నిండా గులాబీ తీగల నగిషీ, కొత్తగా వేసిన నల్లపూత, అద్దంలాంటి గొట్టాలు. అడిగింది రెండు లక్షల పైన. ముద్రలో బోరు 12 అని ఉంది, అంటే .729. నా గేజు .743 చూపించింది. ఎవరో తుప్పు గుంటలు పోవడానికి లోపల బాగా సానపట్టారు. ఎడమ గొట్టం గోడ ఒకచోట పదహారు థౌలే. అద్దంలా మెరిసిందంటే కారణం అదే. పెద్దాయనకు గేజు చూపించాను. ఆయన కాదనలేదు, దాని గురించి మళ్ళీ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ తుపాకి ఎవరో ఒకరు కొంటారు. కొన్నవాళ్ళు దాన్ని పేల్చకుండా ఉంటే బాగుండును.

మళ్ళీ మన వెబ్లీ దగ్గరికి. ముందుచేతి కొయ్య తీసేసి, మెడ పట్టుకుని గట్టిగా ఊపాను, ఎక్కడా లొడలొడ లేదు. గొట్టాల వెనుక అంచుకు, యాక్షన్ ముఖానికి మధ్య సిగరెట్టు కాగితం పెట్టి మూసి లాగితే రాలేదు, చిరిగింది. పైన తెరిచే మీట మూసినప్పుడు నడిమికి కొంచెం కుడివైపే ఆగుతోంది. అరిగిన కొద్దీ అది ఎడమకు జరుగుతూ పోతుంది, కనుక దీనికి ఇంకా చాలా ఆయుష్షు ఉంది. లోపలి యంత్రం ఆన్సన్, డీలీ అనే ఇద్దరు 1875లో పేటెంటు తీసుకున్న బాక్స్‌లాక్. భాగాలు తక్కువ, బలమైనవి. స్ప్రింగు విరిగితే మంచి పనివాడు తయారుచేసి వేయగలడు. కొత్త విడిభాగాలు దొరకని దేశంలో ఇది చిన్న విషయం కాదు. యంత్రం పక్క పలకల మీద ఉండే సైడ్‌లాక్ అందంగా ఉంటుంది, మరమ్మతుకు మాత్రం ప్రాణం తీస్తుంది.

కొయ్య చీలికకు కారణం దెబ్బ కాదు, నూనె. దశాబ్దాలపాటు తుపాకిని మూతి పైకి పెట్టి నిలబెట్టారు. యాక్షన్‌లో వేసిన నూనె కిందికి కారి కొయ్య మెడలో ఇంకింది. అక్రోటు కర్ర నల్లబడి మెత్తబడింది, ఒక్కో పేలుడుకు వెనక్కి తన్నే ఇనుమును ఆపలేక చీలింది. గోరుతో నొక్కితే గోరు దిగేంత మెత్తగా ఉంటే ఆశ వదులుకోవాలి. ఇక్కడ గోరు గీత పడలేదు. చీలిక కూడా, యాక్షన్ నుంచి కొయ్య మీదికి వచ్చే ఇనుప నాలుక వెనుక నుంచి మొదలై అంగుళంన్నర పోయి ఆగింది. ఇంట్లో తుపాకి ఉన్నవాళ్ళు దయచేసి నూనె వేసిన తర్వాత మూతి కిందికి పెట్టి ఉంచండి.

బేరం దగ్గర దుకాణం గురించి న్యాయంగా చెప్పాలి. వెలుతురు లేదు, మొదట చెప్పిన మాటలు అమ్మకపు మాటలు. కానీ కొలుచుకోనిచ్చారు, గుమ్మం దాకా తీసుకెళ్ళనిచ్చారు, విసుక్కోలేదు. లోపాలన్నీ బిల్లు మీద రాసివ్వమంటే రాసిచ్చారు. సొట్ట తీయించే ఖర్చు, కొయ్య ఖర్చు, ఒకవేళ సొట్ట తీసేటప్పుడు గొట్టం దెబ్బతింటే మునిగేది నేనే అన్న ప్రమాదం, మూడూ లెక్క చెప్పాను. పెద్దాయన ఎనభై ఐదు దగ్గర ఆగారు, నేను ఎనభై దగ్గర ఆగాను. కాగితాల పని మాత్రం నిక్కచ్చిగా చేశారు. లైసెన్సులో నంబరు ఎక్కించడంలో ఒక్క అంకె తప్పినా తర్వాత తిరగలేక చావాలి. తుపాకి మీది నంబరు, గొట్టాల మీది నంబరు, ముందుచేతి కొయ్య ఇనుము మీది నంబరు ఒకటేనా అని మీరే చదివి సరిచూసుకోండి. మూడూ కలిస్తేనే అవి ఒకే తుపాకి భాగాలు.

మరమ్మతు ఒక ముసలి ఉస్తాద్ చేశారు. లైసెన్సున్న పనివాడు, పాతబస్తీలో తండ్రి దగ్గర నేర్చుకున్న పని. ఆయన దగ్గర వరసగా గొట్టంలో దూర్చే గుండ్రటి ఇత్తడి దిమ్మెలున్నాయి, ఒక్కోటి ముందుదానికన్నా వెంట్రుకంత లావు. గొట్టంలో నూనె రాసి, సొట్ట కిందికి ఒక దిమ్మెను చువ్వతో తోసి, పైనుంచి ఇత్తడి సుత్తితో తట్టారు. కొట్టడం కాదు, తట్టడమే. సుత్తి గొట్టాన్ని తాకి దానంతటదే లేచేది. తట్టి, దిమ్మె తీసి, కిటికీ వైపు చూసి, తర్వాతి సైజు వేసేవారు. తొందరపెట్టబోతే, "సాబ్, ఇనుము తన చోటు తనకు తెలుసు, దాన్ని బెదరగొట్టొద్దు" అన్నారు. టూల్‌రూములో ముప్ఫై ఏళ్ళున్న నాకు ఆ చేతిపని చూడటం పండగే. పూర్తయ్యాక నీడ గీత తిన్నగా పడింది. గోడ మందం ఆ చోట మళ్ళీ చూస్తే 23. కొయ్య విప్పి, సుద్దపొడి థిన్నరులో కలిపి పట్టు వేసి, ఆరాక దులిపి, మళ్ళీ వేసి నూనె లాగేశారు. ప్రతిసారీ సుద్ద పసుపుపచ్చగా ఊడివచ్చింది. తర్వాత చీలికలో ఎపాక్సీ పోసి, అడ్డంగా మరలున్న ఇత్తడి చువ్వ దించారు. మొత్తం తొమ్మిది వేలు తీసుకున్నారు. ఇంకా ఇవ్వాలనిపించింది, ఇచ్చాను. పైపూత మాత్రం వేయించలేదు. కొత్త పూత కోసం రుద్దితే పోయేది గోడ మందమే.

రేంజిలో 40 గజాల దూరాన పెద్ద కాగితం పెట్టి, ముప్ఫై అంగుళాల వలయంలో పడిన గుండ్లు లెక్కబెట్టాను. కుడి గొట్టం సగానికి కాస్త ఎక్కువ, ఎడమది డెబ్బై శాతానికి దగ్గర. అంటే ఎడమ గొట్టపు బిగువు (గుండ్లు చెదరకుండా మూతి దగ్గర సన్నబడే భాగం) సొట్ట తర్వాత కూడా చెక్కుచెదరలేదు. రెండూ దాదాపు ఒకే చోట కొడుతున్నాయి, కుడిది మాత్రం చెయ్యెడు కిందికి. మట్టి పలకల్లో దగ్గరిదానికి కుడి, దూరం పోయేదానికి ఎడమ, చక్కగా కుదిరింది.

పోటీలకు ఇది పనికిరాదని ముందే తెలుసుకోండి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ కైనన్ చెనాయ్ ట్రాప్ అనే పలకలు కొట్టే పోటీలో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చినప్పటి నుంచి కొత్త కుర్రవాళ్ళు ఉత్సాహంగా వస్తున్నారు. ఆ స్థాయికి వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒకదానిమీద ఒకటి గొట్టాలున్న బరువైన ట్రాప్ తుపాకి కావాలి. వెబ్లీ తేలిక, వరసగా కాలిస్తే భుజం చెబుతుంది. తెరిచిన ప్రతిసారీ సేఫ్టీ దానంతటదే పడుతుంది, పలక విసరమని కేక వేశాక గుర్తొస్తే ఆ పలక పోయినట్టే. ఖాళీ తూటాలు ఎగిరిపడవు, వేలితో తీసుకోవాలి. సరదాకు, ఒక మంచి పనితనాన్ని చేతిలో పట్టుకుని వాడుకోవడానికి కావాలంటే మాత్రం, గోడ మందం 20 థౌల పైన ఉండి, బోరు ముద్రకు దగ్గరగా ఉండి, యాక్షన్ బిగువుగా ఉంటే సొట్టనూ చీలికనూ చూసి వెనక్కి తగ్గకండి. వాటిని చూపించి ధర తగ్గించండి. నేను దీనిలో 24 గ్రాముల గుండ్లున్న తూటాలే వేస్తున్నాను, 28 దాటి వేయను. ఏడాదికోసారి సొట్ట తీసిన చోట గేజు పెట్టి చూస్తాను, ఆ 23 అంకె బిల్లు వెనకాల తేదీతో సహా రాసిపెట్టాను.